ఆకురాయి పట్టే ముందు: ఇంట్లో గిటార్ ఫ్రెట్లు సరిచేసుకోవడం ఎలా?

  ఇవాళ నా చేతిలో ఉన్న ఈ సామాను చూడండి. చూడ్డానికి బుల్లి ఆకురాయిలాగే ఉంది కదా? కంసాలి గారి దగ్గర ఉండే ఆకురాళ్ళకీ దీనికీ తేడా ఒక్కటే. మామూలు ఆకురాయి అంచు బల్లపరుపుగా ఉంటుంది. దీని అంచు మాత్రం లోపలికి గుంటగా, చిన్న కాలవలాగా ఉంటుంది. దీన్ని క్రౌనింగ్ ఫైల్ అంటారు. గిటార్ మీద ఉండే ఫ్రెట్ల పైభాగాన్ని మళ్ళీ గుండ్రంగా చెయ్యడానికి వాడతారు.

ఆన్‌లైన్‌లో ఇప్పుడు ఎవరైనా కొనేసుకోవచ్చు. అందుకే ఈ ఎపిసోడ్. ఎందుకంటే మన కుర్రాళ్ళ నుంచి ఎక్కువగా వస్తున్న మెసేజ్ ఇదే: "అన్నా, నా గిటార్ జిర్రుమంటోంది. ఫైల్ ఆర్డర్ పెట్టాను. ఎలా గియ్యాలో చెప్పు." చాలామంది చర్చిలో వాయించేవాళ్ళు. క్రిస్మస్ ప్రాక్టీసు మొదలైపోయింది, పాటలు బోలెడున్నాయి, ఉన్నది ఒక్కటే గిటార్. రాజమండ్రిలోనో కాకినాడలోనో షాపులో ఇస్తే ఎన్నాళ్ళకి తిరిగొస్తుందో తెలీదు. మనమే చేసేసుకుంటే పోలా అనిపిస్తుంది. చేసుకోవచ్చండి. నేను కాదనను. కానీ ఒక్క మాట బుర్రలో పెట్టుకోండి. ఈ ఎపిసోడ్ మొత్తం ఈ ఒక్క మాట గురించే: ఆకురాయి తీసేసిన లోహం మళ్ళీ రాదు.

ఈ మాట నేను పుస్తకంలో చదివి చెప్పట్లేదు. నా మొదటి గిటార్ మీద నేర్చుకున్నాను. ఒక వానాకాలం అది రెండో ఫ్రెట్ దగ్గర జిర్రుమనడం మొదలెట్టింది. ఆ ముందున్న మూడో ఫ్రెట్ ఎత్తుగా ఉందనుకుని దాన్ని గీశాను. రెండో ఫ్రెట్ దగ్గర మోత తగ్గింది. కానీ ఇప్పుడు మూడో ఫ్రెట్ నొక్కితే మోత. ఎందుకు? మూడోది తగ్గిపోయింది కాబట్టి నాలుగోది దానికంటే ఎత్తయింది. సరే, నాలుగోది గీశాను. ఆ తర్వాత ఐదోది. అలా ఒకదాని వెనక ఒకటి తరుముకుంటూ ఏడో ఫ్రెట్ దాకా వెళ్ళాను. తీరా చూస్తే అసలు తప్పు ఫ్రెట్లది కాదు. చెమ్మకి నెక్ వెనక్కి వంగింది. లోపల ఉండే ట్రస్ రాడ్‌ని పావు చుట్టు వదులు చేస్తే పోయే జబ్బు అది. నేను ఐదు ఫ్రెట్లు పాడుచేసుకున్నాను. అది నాన్న కొనిచ్చిన గిటార్ అండి. ఇప్పటికీ గోడకి ఉంది, కానీ వాయించడానికి పనికిరాదు. మీకు అలా జరగకూడదనే చెప్తున్నాను.

ముందు ఫ్రెట్ అంటే ఏంటో చూద్దాం. మనవాళ్ళకి ఇది కొత్త వస్తువేం కాదు. వీణ మీద మనం మెట్లు అంటామే, అవే ఇవి. ఆ మాటకొస్తే మెట్ల వాద్యాల్లో మన గోదావరి జిల్లాలది చాలా పెద్ద చెయ్యి. ఈమని శంకరశాస్త్రి గారిది ద్రాక్షారామం, 1922లో పుట్టారు. ఆయన శిష్యుడు చిట్టిబాబు గారు 1936లో కాకినాడలో పుట్టారు. ఇద్దరూ వీణే. ఇక మాండలిన్ యు. శ్రీనివాస్ గారిది పాలకొల్లు, 1969లో పుట్టారు. మాండలిన్ అంటే మామూలుగా నాలుగు జతల తీగలు. ఆయన ఎలక్ట్రిక్ మాండలిన్ తీసుకుని, జతలు తీసేసి, ఐదు ఒంటి తీగలు పెట్టుకుని దాని మీద కర్ణాటక సంగీతం పలికించారు. 2014లో 45 ఏళ్ళకే వెళ్ళిపోయారు. మెట్లున్న విదేశీ వాద్యం మీద గమకం పలుకుతుందా అని సందేహపడినవాళ్ళకి పాలకొల్లు కుర్రాడు చెప్పిన జవాబు అది.

ఇప్పుడు అసలు తేడా వినండి. వీణకి 24 మెట్లు. వాటిని చెక్కలోకి దిగ్గొట్టరు. తేనెమైనంలో బొగ్గుపొడి కలిపి, ఆ నల్లటి మైనం కట్ట మీద మెట్లని కూర్చోబెడతారు. ఒక మెట్టు శ్రుతి తప్పితే మైనం వేడిచేసి ఆ మెట్టుని కాస్త జరపొచ్చు, లేపొచ్చు, దించొచ్చు. బొబ్బిలిలోనూ నూజివీడులోనూ వీణలు చేసేవాళ్ళు మెట్లన్నీ తీసి కొత్తగా మేళం కట్టిస్తారు కూడా. అంటే వీణకి వెనక్కి తిరిగే దారి ఉంది. గిటార్‌కి అది లేదు. గిటార్ ఫ్రెట్‌కి కింద ముళ్ళున్న కాడ ఉంటుంది. చెక్కలో సన్నటి గాడి కోసి, దాంట్లోకి గట్టిగా దిగ్గొడతారు. పైకి లేపడం కుదరదు. ఎత్తుపల్లాలు సరిచెయ్యాలంటే ఎత్తుగా ఉన్నదాన్ని కొయ్యడం ఒక్కటే దారి. పల్లంగా ఉన్నదాన్ని పెంచలేం.

మరి కొయ్యడానికి అక్కడ ఎంత లోహం ఉంది? కొత్త ఫ్రెట్ చెక్క పైన ఎత్తు సుమారు 1 నుంచి 1.4 మిల్లీమీటర్లు. అంతే. వెడల్పు 2 నుంచి 2.8 దాకా. ఎక్కువ గిటార్లకి వాడేది నికెల్ సిల్వర్. పేరులో సిల్వర్ ఉంది గానీ వెండి చుక్క కూడా ఉండదు. రాగి, నికెల్, జింకు కలిపిన లోహం. మీ స్టీలు తీగల కంటే మెత్తన. అందుకే తీగ దాన్ని తినేస్తుంది. ఈ 1 మిల్లీమీటరే మీ బ్యాంకు బ్యాలెన్సు అనుకోండి. వాయించిన ప్రతిసారీ కొంచెం ఖర్చవుతుంది. ఆకురాయి పెడితే ఒకేసారి పెద్ద మొత్తం డ్రా చేసినట్టు. డిపాజిట్ చెయ్యడం మాత్రం ఉండదు. బ్యాలెన్సు అయిపోతే ఫ్రెట్లు పీకి కొత్తవి వెయ్యడమే. అది ఇంట్లో అయ్యే పని కాదు.

మన దగ్గర ఈ ఖర్చు ఇంకొంచెం ఎక్కువ. ఎందుకంటే మనది డెల్టా. ఒక పక్క గోదారి, కాలవలు, ఇంకో పక్క సముద్రం. అంతర్వేది వైపు, నరసాపురం వైపు, కాకినాడ వైపు ఉప్పుగాలి కూడా. కొత్త తీగలు వేసిన కొన్ని వారాలకే చేతికి గరుకుగా తగులుతాయి. తుప్పు పట్టిన తీగ అంటే ఏంటండి? అదే ఒక ఆకురాయి. మీరు ఫైల్ కొనకముందే ఆ తీగ మీ ఫ్రెట్లని రోజూ గీస్తోందన్నమాట. చర్చిలో వాయించేవాళ్ళ గిటార్ చూడండి. జీ, సీ, డీ, ఈ మైనర్. ఎక్కువగా వాయించేది ఈ కార్డులే కదా. అందుకే మొదటి మూడు ఫ్రెట్ల మీద, సన్న తీగల కింద గాట్లు కనిపిస్తాయి. పన్నెండో ఫ్రెట్ మాత్రం షోరూమ్ నుంచి వచ్చినట్టు మెరుస్తూ ఉంటుంది.

సరే, గాటు పడితే ఏమవుతుంది? రెండు జరుగుతాయి. ఒకటి, గాటులో తీగ కిందికి దిగుతుంది కాబట్టి ముందున్న ఫ్రెట్‌కి తగిలి జిర్రుమంటుంది. రెండోది శ్రుతి. దీనికి చిన్న లెక్క చూద్దాం. రెండున్నర మిల్లీమీటర్ల వెడల్పున్న ఫ్రెట్ తీసుకోండి. దాని నెత్తి గుండ్రంగా ఉన్నప్పుడు తీగ సరిగ్గా మధ్యలో ఆనుతుంది. ఆ నెత్తి పూర్తిగా బల్లపరుపు అయిపోతే తీగ ముందంచు మీద ఆనుతుంది. అంటే 1.25 మిల్లీమీటర్లు ముందుకి జరిగినట్టు. గిటార్ తీగ మొత్తం పొడవు సుమారు 648 మిల్లీమీటర్లు. పన్నెండో ఫ్రెట్ దగ్గర అందులో సగం, 324. దాంట్లో 1.25 తగ్గితే స్వరం దాదాపు 7 సెంట్లు పైకి పోతుంది. రెండు పక్క స్వరాల మధ్య దూరం 100 సెంట్లు అనుకుంటే, ఇది చిన్నదే అనిపిస్తుంది. కానీ కార్డు పట్టి చూడండి, పక్కన కీబోర్డు వాయిస్తుంటే చూడండి, చెవికి ఎక్కడో గుచ్చుకుంటుంది. మీరు బిరడాలు ఎంత తిప్పినా సరవదు. ఎందుకంటే తప్పు ఆ ఒక్క ఫ్రెట్‌దే. ఒకటి సరిచేస్తే మిగతావి తప్పుతాయి.

అందుకే క్రౌనింగ్. ఎత్తులు సమం చెయ్యడం ఒక పని. దాన్ని లెవెలింగ్ అంటారు. లెవెల్ చేశాక నెత్తి చదునైపోతుంది. ఆ చదునైన నెత్తిని మళ్ళీ గుండ్రంగా చెయ్యడమే క్రౌనింగ్. ఈ ఫైల్ పని అదొక్కటే. మోత పోగొట్టేది ఈ ఫైల్ కాదు. ఈ తేడా తెలీక చాలామంది ఫైల్ కొని, మోత వచ్చే చోటల్లా గీసేస్తారు. నేను చేసిందీ అదే.

కాబట్టి ఫైల్ డబ్బా పక్కన పెట్టి, ముందు నాలుగు పరీక్షలు చెయ్యండి. వీటికి పైసా ఖర్చు లేదు, ఒక్క తీగల సెట్ తప్ప.

మొదటిది, కొత్త తీగలు వెయ్యండి. తుప్పు పట్టి, వంకర తిరిగిన తీగ తనంతట తనే మోగుతుంది. సగం కేసులు ఇక్కడే తేలిపోతాయి.

రెండోది, నెక్ వంపు. లావు ఈ తీగని మొదటి ఫ్రెట్ దగ్గర ఒక చేత్తో, నెక్ బాడీకి కలిసే చోట, అకూస్టిక్ అయితే పద్నాలుగో ఫ్రెట్ దగ్గర, ఇంకో చేత్తో నొక్కండి. ఇప్పుడు తీగే మీకు స్కేలు. మధ్యలో, ఆరూ ఏడూ ఫ్రెట్ల దగ్గర తీగకీ ఫ్రెట్‌కీ సందు ఎంతుందో చూడండి. జిరాక్స్ తీసే ఏ4 కాగితం ఒక్కటి సుమారు 0.1 మిల్లీమీటరు మందం. రెండు కాగితాలు ఆ సందులో పట్టేస్తే దగ్గర దగ్గర సరిగ్గా ఉన్నట్టు. అసలు సందే లేకపోతే నెక్ వెనక్కి వంగింది. ఐదారు కాగితాలు దూరితే ముందుకి వంగింది. అప్పుడు ట్రస్ రాడ్ తిప్పాలి. కుడివైపు తిప్పితే బిగుస్తుంది, నెక్ తిన్నగా అవుతుంది. ఎడమకి తిప్పితే వదులవుతుంది, సందు పెరుగుతుంది. ఒకసారికి పావు చుట్టు, అంతకు మించొద్దు. తిప్పి ఒక రాత్రి వదిలెయ్యండి. కీ తిరగకపోతే బలవంతం చెయ్యొద్దండి, రాడ్ తెగిందంటే గిటార్ పోయినట్టే. ఇంకో మాట. ఎండాకాలంలో ఒకలా, వానల్లో ఒకలా మన దగ్గర చెక్క కదులుతూనే ఉంటుంది. వారం రోజులు ముసురు పట్టినప్పుడు ఫ్రెట్ల మీద ఏ నిర్ణయమూ తీసుకోవద్దు.

మూడోది, నట్. వట్టి తీగ మీటితే మాత్రమే మోత వచ్చి, ఏ ఫ్రెట్ నొక్కినా రాకపోతే తప్పు పైనున్న నట్ గాడిది. ఫ్రెట్లకి సంబంధం లేదు.

నాలుగోది, ఫ్రెట్ ఊడిందేమో చూడటం. చెమ్మకీ ఎండకీ చెక్క ఉబ్బి, కుంచించుకుపోయి, ఫ్రెట్ చివర కాస్త పైకి లేస్తుంది. గోటితో నొక్కి చూడండి, కదిలితే అది వదులైనట్టు. దాన్ని గీయకూడదు, కూర్చోబెట్టాలి. ఫ్రెట్ మీద చిన్న చెక్కముక్క పెట్టి, నెక్ కింద మెత్తటి గుడ్డల మూట ఆసరా ఇచ్చి, సుత్తితో మెల్లగా తట్టండి. లేచిన ఫ్రెట్‌ని ఎత్తు ఫ్రెట్ అనుకుని కోసేశారంటే, తర్వాత ఎప్పుడైనా అది మళ్ళీ కిందికి కూర్చుంటే అక్కడ గుంట మిగులుతుంది.

ఈ నాలుగూ దాటాక కూడా ఒకే చోట మోత ఉంటే, అప్పుడు ఎత్తు ఫ్రెట్ వెతకండి. తిన్నటి అంచున్న చిన్న స్టీలు ముక్క కావాలి. మూడు ఫ్రెట్ల మీద మాత్రమే ఆనేంత పొడవుండాలి. ఏటీఎం కార్డు అంచుతో అంచనా వేసుకోవచ్చు గానీ, కార్డు వంగుతుంది. కొయ్యాలా వద్దా అన్న నిర్ణయం మాత్రం స్టీలుతోనే. మూడు ఫ్రెట్ల మీద పెట్టి అటూ ఇటూ ఊపండి. కదలకపోతే సమానం. టిక్ టిక్ అని ఊగితే మధ్యది ఎత్తు. ఏ తీగ కింద ఊగుతోందో కూడా చూడండి. ఫ్రెట్ మొత్తం ఎత్తుగా ఉండక్కర్లేదు, ఒక మూల మాత్రమే ఉండొచ్చు. ఆ చోట మార్కర్‌తో చుక్క పెట్టుకోండి.

ఇప్పుడు పనిలోకి వద్దాం. తీగలు తీసెయ్యండి. అకూస్టిక్ అయితే సౌండ్ హోల్ మీద కాగితం అంటించండి. ఎలక్ట్రిక్ అయితే పికప్‌లు తప్పకుండా కప్పండి, అవి అయస్కాంతాలు, స్టీలు రజను పట్టిందంటే వదలదు. ఫ్రెట్‌కి రెండు పక్కలా చెక్క మీద మాస్కింగ్ టేపు వెయ్యండి. మీ ముక్కుకి మాస్కు. కరోనా అప్పటివి ఇంట్లో ఎక్కడో ఉంటాయి, తీయండి. లోహపు రజను పీల్చకూడదు.

ఎత్తుగా ఉన్న ఫ్రెట్ నెత్తి మొత్తం మార్కర్‌తో నల్లగా పుయ్యండి. బల్లపరుపు చెక్కకో లోహపు పట్టీకో 320 నంబరు ఎమరీ పేపర్ అంటించి, గుర్తు పెట్టిన చోట రెండు మూడు సార్లు రుద్దండి. ఆపండి. తుడవండి. స్టీలు ముక్కతో మళ్ళీ ఊపి చూడండి. ఇంకా ఊగితే ఇంకో రెండు సార్లు. ఇరవై సార్లు రుద్ది ఒకసారి చూడటం కాదు, రెండు సార్లు రుద్ది ఒకసారి చూడటం. ఊగడం ఆగిందా, అక్కడితో లెవెలింగ్ అయిపోయింది.

ఇప్పుడు ఆ చోట నెత్తి చదునుగా మెరుస్తూ కనిపిస్తుంది. మళ్ళీ మార్కర్ పుయ్యండి. ఇప్పుడు తియ్యండి క్రౌనింగ్ ఫైల్. మీ ఫ్రెట్ వెడల్పుకి సరిపోయే అంచు చూసుకోండి. చాలా ఫైళ్ళకి రెండు మూడు సైజులు ఉంటాయి. సన్నటి అంచు లావు ఫ్రెట్ మీద పెడితే నెత్తి మీద రెండు గీతలు పడతాయి తప్ప గుండ్రం అవదు. ఫైల్‌ని ఫ్రెట్ మీద నిలువుగా పెట్టి, ఫ్రెట్ పొడవునా, ఈ చివర నుంచి ఆ చివరకి తోయండి. నెక్ మీద చిన్న వంపు ఉంటుంది కదా, ఆ వంపుతో పాటే చెయ్యి వెళ్ళాలి. ఒక పక్కకి వాల్చొద్దు. బరువు వెయ్యొద్దు, ఫైల్ బరువే చాలు.

ఏమవుతుందంటే, ఫైల్ గుంట ఆకారం వల్ల ముందు రెండు పక్కలా అరుగుతుంది. నల్ల రంగు పక్కల నుంచి పోతూ మధ్యలో గీతగా సన్నబడుతుంది. ఆ గీత సన్నటి దారం అంత అయినప్పుడు ఆపెయ్యండి. బాగా వినండి, ఆ నల్ల గీతని చెరపకూడదు. ఆ గీత ఉన్నంత వరకూ మీ లెవెల్ భద్రం. గీత పోయిందంటే మీరు ఎత్తు కూడా తగ్గించేశారని అర్థం. పక్క ఫ్రెట్‌తో మళ్ళీ గొడవ మొదలు. నా ఐదు ఫ్రెట్ల కథ అక్కడ నుంచే.

తర్వాత మెరుగు. 600, 800, 1000, 1500, 2000 నంబర్ల ఎమరీ పేపర్లు వరసగా, వేలికి చుట్టి రుద్దండి. హార్డ్‌వేర్ షాపులో, బళ్ళకి పెయింట్ వేసేవాళ్ళ సామాన్లమ్మే షాపులో అన్నీ దొరుకుతాయి. ఆఖర్న ఇత్తడి సామాన్లు తోమే పాలిష్ కొంచెం గుడ్డ మీద వేసి రుద్దండి. టేపు ఉండగానే చెయ్యండి, పాలిష్ చెక్కకి అంటకూడదు. గీతలు మిగిలితే తీగ వంచినప్పుడు కరకరమంటుంది. అద్దంలా అయితే తీగ జారిపోతుంది.

ఎప్పుడు చెయ్యకూడదో కూడా చెప్తాను. స్టెయిన్‌లెస్ స్టీలు ఫ్రెట్లయితే వద్దు, మామూలు ఫైల్ మొద్దుబారిపోతుంది. ఫ్రెట్ ఎత్తు అర మిల్లీమీటరు దగ్గరకి వచ్చేసి ఉంటే వద్దు, అది మార్చాల్సిన ఫ్రెట్. ప్రోగ్రాం రేపు ఉంటే అస్సలు వద్దు. అరువు తెచ్చుకున్న గిటార్ మీద, చర్చి గిటార్ మీద మొదటి ప్రయోగం చెయ్యొద్దు. షాపులోనో ఫ్రెండ్ ఇంట్లోనో విరిగిన నెక్ ఒకటి సంపాదించి, దాని మీద పది ఫ్రెట్లు పాడుచెయ్యండి. పదకొండోది బాగా వస్తుంది.

మొన్న అమలాపురం వైపు నుంచి ఒక తమ్ముడు గిటార్ పట్టుకుని వచ్చాడు. ఫైల్ కూడా తెచ్చాడు, కవరు కూడా విప్పలేదు. ఈ నాలుగు పరీక్షలూ చేశాం. తీగలు తుప్పు. నెక్ దగ్గర ఒక్క కాగితం కూడా దూరట్లేదు. తీగలు మార్చి, రాడ్ పావు చుట్టు వదిలి, మర్నాడు మళ్ళీ చూశాం. మోత లేదు. "మరి ఈ ఫైల్ ఏం చెయ్యాలన్నా?" అన్నాడు. దాచుకోమన్నాను. వాడు వాయించే స్పీడుకి రెండు మూడేళ్ళలో నిజంగానే అవసరం పడుతుంది. అప్పటికి ఆ ఫ్రెట్లలో లోహం ఉండాలి కదా, కొయ్యడానికి.

అప్పటిదాకా చెయ్యాల్సింది చాలా తేలిక. వాయించాక పొడిగుడ్డతో తీగలు తుడవండి, పైనే కాదు, గుడ్డ తీగల కిందికి కూడా పోనివ్వండి. గిటార్‌ని గోడకి ఆనించి వదిలెయ్యకుండా కవర్లో పెట్టండి. అంతే.

మీ గిటార్ ఎక్కడ మోగుతోందో, ఏ పరీక్షలో ఏం తేలిందో కామెంట్లో రాయండి. ఏ ఫ్రెట్, ఏ తీగ, ఎన్ని కాగితాలు, ఈ మూడూ రాస్తే జవాబు చెప్పడం నాకూ తేలిక. వచ్చే ఎపిసోడ్‌లో నట్ గాడి గురించి మాట్లాడుకుందాం. ఉంటానండి మరి.